అంచు కమ్మి

రంగైలుండ దాటాక, మొగలి డొంకల వెనక
మా అత్తరు బట్టీ.
రాగి డేగిసాల కింద జీడికట్టె మండుతుంటే
నేను పక్క గదిలో కాగితాలు రాస్తాను.
ఇక్కడ పూలు ఒడియాలో లెక్కపెడతారు,
తిట్లు తెలుగులో,
బిల్లులు ఇంగ్లీషులో.

బిసోయి బాబుకి మూడక్షరాల మాటలంటే భయం.
ఎఫ్.ఓ.బి. ఏమిటో మళ్ళీ చెప్పు, అంటాడు
ముక్కుపొడి డబ్బీ తెరుస్తూ.
ఓడెక్కేదాకా మనది, ఎక్కాక వాళ్ళది.
మరి సి.ఐ.ఎఫ్.?
దుబాయిదాకా కిరాయి మనమే కడతాం,
బీమా మనమే కడతాం,
భయం మాత్రం విశాఖలో ఓడెక్కిన నిమిషం నుంచే
కొన్నవాడిది.
అదెలా? డబ్బు ఒక రేవులో దిగి
భయం ఇంకో రేవులో దిగుతుందా?
దిగుతుంది బాబూ.
రెండూ ఒకే బస్సులో పోతాయని ఎవరన్నారు?

పోయిన శ్రావణంలో టెక్కలి దగ్గర లారీ ఒరిగింది.
పదకొండో డ్రమ్ము మూత ఊడి
మొగలి నీళ్ళు తారురోడ్డు మీద పారాయి.
ఆ పూట హైవే మీద
పోలీసు, పంక్చరు కుర్రాడు, నాలుగు మేకలు
అందరూ పెళ్ళివారిలా గుబాళించారు.
కాగితంలో ఎఫ్.ఓ.బి. విశాఖపట్నం.
అంటే ఆ గుబాళింపు మొత్తం
మా ఖాతాలోదే.

రాత్రి గోపాల్‌పూర్‌లో, వల అల్లే నవారు మంచం మీద
మా నాన్నమ్మ సూరాడ గరటమ్మ విని నవ్వింది.
"ఇదేటి కొత్తా? మా తాత నాడూ ఇంతే కదే."

అప్పుడు రేవుకి గట్టు లేదట.
ఓడ దూరంగా లంగరేసి నిలబడేదట.
మేకు ఒక్కటీ లేని, పీచుతాడుతో కుట్టిన పడవలో
బియ్యం బస్తాలేసుకుని
మావాళ్ళు మూడు కెరటాలు దాటేవారట.
"ఓడ కమ్మికి ఇవతల పడితే బస్తా సావుకారుది,
అవతల పడితే రంగంలో కొన్నోడిది."
మరి సరిగ్గా కమ్మి మీద పడితే?
నాన్నమ్మ వలకండె పక్కన పెట్టింది.
"మా తాత కమ్మి మీదే పడ్డాడు.
బస్తా అటు. ఆయన ఇటు.
బస్తాకి రసీదొచ్చింది."

కొత్త నిబంధనల్లో ఆ కమ్మి తీసేశారు.
సరుకు ఓడ మీద కుదురుగా దిగితేగాని
దిగినట్టు కాదట.
నాన్నమ్మకి ఈ సంగతి చెప్పలేదు.
చెప్పి ఏం లాభం?

ఇంకో మాట కూడా ఉంది, ఎక్స్ వర్క్స్ అని.
మా గుమ్మం దగ్గరే అప్పగించేయడం.
అన్ని మాటల్లోకీ అమ్మేవాడికి తేలికైనది అదే,
అన్నిటికన్నా ముందు మొదలయ్యేదీ అదే.
దానికి ముందు పేజీ తిరగేశాను.
విషయసూచిక.

పొద్దున్నే గుమ్మం దగ్గర సుకాంతి.
తెల్లవారుజామున నాలుగింటికే
దోటీ, టార్చిలైటు పట్టుకుని డొంకలో దూరి
పాము ఉందేమోనని ముందు కర్రతో తట్టి
కోసుకొచ్చిన పూలు, గోనెపట్టాలో.
మోచేతిదాకా గీతలు, కొన్ని ఇంకా తడిగానే.
ముళ్ళ సంగతి పూల ధరలోనే కలిపేశాం, అంటాడు బాబు.
ఎంత కలిపారో ఏ బిల్లులోనూ కనబడదు.

నేను రిజిస్టరు తెరిచాను.
తేదీ. పేరు. ఊరు. పూలు. రూపాయలు.
గడులు ఇంకోసారి చూశాను, ఎడమ నుంచి కుడికి.
ఆమె వేలిముద్రకోసం చెయ్యి చాపి నిలబడింది.

నూట అరవై రెండు పూలు, అని రాశాను.