ఉత్తమ పురుష

మా ఉద్యోగంలో మొదటి నియమం:
ఎవరి మాటైనా ఉత్తమ పురుషలోనే చెప్పాలి.
డాక్టరు నేను అంటే నేనూ నేను అనాలి.
రోగి నేను అంటే అప్పుడూ నేనే.
మధ్యలో నాకు నేను లేను.

ఫ్రెస్నోలో నా వంటింటి గడియారం పదకొండు దాటింది.
టెక్సాస్‌లో, లబ్బక్ ఊళ్ళో, ఆమె మంచం పక్కన ఒంటిగంట.
నాకు చెవుల్లో హెడ్‌ఫోను, ముందు తెల్లకాగితం,
స్టవ్ మీద మీగడ కట్టిన పాలు.

పేరు కృపాజ్యోతి. చీరాల యాస. ఐదో నెల.
మోటెల్లో దుప్పట్లు మడతపెడుతుంటే
కాళ్ళ వెంట వెచ్చగా నీళ్ళు జారాయట.

"ఉమ్మనీరు మొత్తం పోయింది," అన్నాను, డాక్టర్ విట్లాక్‌నై.
"బిడ్డ బతకదు," అన్నాను.
"కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది.
అది ఆగేదాకా, లేకపోతే మీ ఒళ్ళు బాగా చెడేదాకా
నేను చెయ్యి వెయ్యలేను," అన్నాను.

"బాగా అంటే ఎంత?" అన్నాను, కృపాజ్యోతినై.
ఇంగ్లీషులో అది నాలుగు మాటలు.
జవాబుకి నాలుగు నిమిషాలు పట్టింది.
అందులో ఆసుపత్రి వకీలు ఉన్నాడు, ఒక కమిటీ ఉంది,
జైలు ఉంది, రద్దయ్యే లైసెన్సు ఉంది.
డాక్టరు గొంతు రెండుసార్లు పూడుకుపోయింది.
దాన్ని ఎట్లా అనువదించాలో మాకు నేర్పలేదు.

"మాయ ఇంకా లోపలే ఉంది," అన్నాను.
"ఇదేం మాయక్కా," అంది.
నవ్విందో ఏమో, ఫోన్లో తెలియలేదు.
అక్కా అన్నది నన్నే.
నియమం ప్రకారం నేనక్కడ లేను గనక
సిస్టర్ అని అప్పజెప్పేశాను.
"ఎవరి సిస్టర్?" అంది నర్సు.

మనవైపు కడుపుతో ఉన్నామెని
ఒట్టి మనిషి కాదంటారు.
బిందె ఎత్తనివ్వరు, బస్సులో లేచి చోటిస్తారు.
ఒట్టి మనిషికి ఈ నీళ్ళు, ఈ నొప్పి, ఈ రక్తం వచ్చుంటే
ఈపాటికి బల్ల మీదికి ఎక్కించేవాళ్ళు కదా
అని కాగితం మీద రాసుకుని, కొట్టేశాను.

భర్త ఏసుపాదం న్యూమెక్సికో ఎంత దూరమని అడిగాడు.
ఆల్బుకర్కీ ఐదు గంటలు.
దారిలో రక్తం మొదలైతే?
పత్తి చేలు, చమురు పంపులు, చీకటి.
కారులో పెట్రోలు సగం ఉందని కూడా చెప్పాను,
వాళ్ళు అడక్కపోయినా. అతను చెప్పాడు గనక.

రెండున్నరకి అతను ప్రార్థన మొదలెట్టాడు.
ప్రార్థనని వదిలెయ్యొచ్చని ఎక్కడా రాసి లేదు.
"ప్రభువా, నేను మోకరించి అడుగుతున్నాను," అన్నాను.
"ఈమెకి తొందరగా జ్వరం రప్పించు," అన్నాను.
అవతల ఎవరూ ఆమెన్ అనలేదు.

మూడూ నలభైకి వచ్చింది.
నూటరెండు పాయింట్ నాలుగు.
గదిలో నలుగురైదుగురు ఒక్కసారే ఊపిరి వదిలారు.
అంత హాయిగా ఎవరైనా జ్వరాన్ని ఆహ్వానించగా
నేను ఇంతవరకు వినలేదు.
"ఇప్పుడు చెయ్యొచ్చు," అన్నాను.

"చలేస్తోందక్కా."
ఇది నేను చెప్పేలోగానే మంచం చక్రాలు కదిలాయి.
నన్ను స్టాండు మీద మర్చిపోయారు.
చాలాసేపు ఖాళీ గదిని విన్నాను,
ఏదో యంత్రం ఎవరికీ కాని లెక్క పెడుతోంది.
తర్వాత ఎవరో కట్ చేశారు.

ఆమె బతికిందా అని అడగడానికి మాకు నంబరు ఉండదు.

తెర మీద: రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు.
కాల్ నాణ్యత ఎట్లా ఉంది? ఐదు నక్షత్రాల్లో ఎన్ని?
పాలు పారబోసి వచ్చేసరికి మళ్ళీ మోగింది.
న్యూజెర్సీ. ఎవరో పెద్దాయనకి పంటి నొప్పి.

"నేను రాత్రంతా కన్ను మూయలేదు,"
అన్నాను.