బొరుసు వైపు

మత్రా సూక్‌లో చీకటి సందు దాటాక మూడో కొట్టు.
సాంబ్రాణి పొగ గడపదాకా వచ్చి
ఏసీ గాలికి జడిసి వెనక్కి మళ్ళుతుంది.
ఇక్కడ నా పని తూకం, ఊడుపు, చాయ్.
నాణేన్ని మాత్రం తుడవకూడదు.
పాత మురికికే ధర, అని నర్సీదాస్ సేఠ్
మొదటి రోజే చెప్పాడు.
తుడిస్తే విలువ పోయే వస్తువుని
నేను చూడటం అదే మొదలు.

ఇవాళ సూర్ నుంచి ఖల్ఫాన్ ముసలాయన వచ్చాడు.
జేబులోంచి మందుల డబ్బా తీశాడు.
మాత్రల మధ్య, దూదిలో, ఒక కాసు.
వాళ్ళ తాత ఖర్జూరం అమ్ముకుని
బియ్యం బస్తాల అడుగున దాచి
బొంబాయి నుంచి పడవలో తెచ్చిందట.

సేఠ్ భూతద్దం కంటికి బిగించాడు.
బొమ్మ వైపు గడ్డం రాజు.
ఆయన్ని ఎవరూ పట్టించుకోరు.
బొరుసు తిప్పాడు.
గుర్రం. దాని మీద బట్టల్లేని మనిషి,
తలకి టోపీ, చేతిలో పొట్టి కత్తి,
డెక్కల కింద రెక్కల పాము.
మొట్టమొదట చేతిలో విరిగిన బల్లెం ఉండేదట,
నాలుగేళ్ళకే మార్చి కత్తి ఇచ్చారు.
విరిగిన ముక్క మాత్రం నేల మీదే ఉంది.
రెండు వందల ఏళ్ళుగా ఎవరూ ఊడ్చలేదు.

అంకెలకి పైన, నేలగీత మీద
ఆవగింజలో సగం ఒక అక్షరం:
నిలువుగా నిలబడ్డ ఇంగ్లీషు ‘ఐ’.
ఐ అంటే ఇండియా. బొంబాయి అచ్చు.
వెయ్యిన్నీ తొమ్మిది వందల పద్దెనిమిది,
ఆ ఒక్క ఏడు పేరు మీదే కొట్టారు.
పన్నెండు లక్షల పైచిలుకు.

“అన్ని లక్షలుంటే మరి దొరకవేం?”
ముసలాయన అడిగాడు.
సేఠ్ భుజాలెగరేశాడు.
నాకు తెలుసు. నన్నడగలేదు.

కోరుట్లలో మా తాత విఠోబాచారి కుంపటి ముందు
గుర్రం కాసులు కుప్పపోసి కూర్చునేవాడు.
ఒకరికి కంటె, ఒకరికి గుండ్లపేరు.
మూసలో గుర్రం ముందు కరిగేది,
తర్వాత మనిషి,
పాము చాలాసేపు ఎర్రగా చూసేది.
నాకలా కనిపించేది, ఆరేళ్ళవాణ్ణి.
తల్లి బంగారమైనా సరే
గింజెత్తు తియ్యంది అవుసలోడు ఊకోడని
ఊళ్ళో అందరూ అనే మాటే.
తాత తీసింది గింజెత్తు బంగారం కాదు,
గింజలో సగం అక్షరం.
ఊదుగొట్టంలో ఒక్క ఊపిరి, ఒక ‘ఐ’ పోయేది.
కొట్టినవాటి లెక్క పుస్తకాల్లో ఉంది.
కరిగించినవాటి లెక్క మా కుంపటి బూడిదలో ఉండె.
జల్లించాక దానితోనే అమ్మ గిన్నెలు తోమింది.

చాయ్ తెమ్మన్నాడు సేఠ్. తెచ్చాను.
“ఈ గుర్రం మీదివాడు యోధుడనుకున్నావా?
లండన్‌లో ఒక హోటల్ పనివాడు అంటారు. ఇటలీ వాడు.
చెక్కినాయనదీ అదే దేశం.
కాసేపు నిలబడమన్నాడు. నిలబడ్డాడు.”
“పేరు?” అన్నాడు ఖల్ఫాన్.
“పళ్ళేలు మోసేవాడి పేరు ఎవడు రాసుకుంటాడు?”
ఇద్దరూ నవ్వారు.
పళ్ళెం పట్టుకుని నేను నిలబడే ఉన్నాను.
నా బతాకా మీద ఫోటో ఉంది, కింద పొడుగు నంబరు.
అంతకుముందు రెండేళ్ళు ఖల్లివల్లిగా తిరిగినప్పుడు
అదీ లేదు.
కాసుకు కొరగావురా అనేవాడు మా బాపు.
ఏ కాసుకో చెప్పలేదు.

సేఠ్ ధర చెప్పాడు.
ముసలాయన చాలాసేపు నేల చూసి
నావైపు తిరిగాడు.
“నువ్వు చెప్పు. కరిగిస్తే ఎంత?”
“ఎనిమిది గ్రాములకి రవ్వ తక్కువ,” అన్నాను.
నా గొంతులో తాత దగ్గు వినిపించింది.
ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే,
“కరిగించకు బాబా.”
సేఠ్ అద్దం లోంచి నన్ను చూశాడు,
కన్ను ఇంత పెద్దగా.

కాసు మళ్ళీ దూదిలోకి, మాత్రల మధ్యకి పోయింది.

రాత్రి షట్టర్ దించే ముందు ఊడుస్తుంటే
కుర్చీ కింద ఒక మాత్ర దొరికింది.
తెల్లది, గుండ్రంది,
మధ్యలో నిలువుగా ఒకే గీత.
ఏ జబ్బుకో తెలీదు.
తక్కెట్లో పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు.
కాగితంలో మడిచి, పైన సూర్ అని తెలుగులో రాసి,
సొరుగులో పెట్టాను.