టేపులో మూడు సెకన్లు

ఇంటర్వ్యూలో నా మార్కుల కాగితం తిరగేసి
"జీవరసాయనం సరే,
మధ్యలో ఈ జానపదం దేనికమ్మా?" అన్నారు.
కిటికీ అవతల సెయింట్ జాన్స్ రేవుని
పొగమంచు మింగేసింది.
ఏదో చెప్పాను. నాకే నచ్చలేదు.

ఫోగో దీవిలో ఒక వంటిల్లు.
టీ కప్పుల మధ్య రికార్డర్.
కారే నెత్తుటిని మాటతో ఆపే మంత్రం
చెప్పబోయి డ్రూసిల్లా కాస్త ఆగింది.
నేను తొందరపడి ఇంకో ప్రశ్న వేశాను.
ఇక నోరు విప్పలేదు.
టేపు విని మా మాస్టారు
"ఇంకో మూడు సెకన్లు ఊరుకోవాల్సింది"
అన్నారంతే.

ఇవాళ వార్డులో ఏడో మంచం, ఆంబ్రోస్.
నొప్పెక్కడంటే
సర్కారు సముద్రానికి తాళం వేసిన ఏడు
అమ్ముకున్న పడవ గురించి మొదలెట్టాడు.
దాని రంగు, కొన్నవాడి పిసినారితనం,
ఇంజను దగ్గు.
సీనియర్ గడియారం చూసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.
పెద్దాయన మాట ఆగింది.
ఒకటి.
రెండు.
పంటి బిగువున ఊరుకున్నాను.
మూడు దాటాక, గోడవైపు తిరిగి,
"కెటిల్ ఎత్తలేకపోతున్నా. ఎడమ చెయ్యి.
మా ఆవిడకి చెప్పకు."

పరుగున వెళ్ళి సీనియర్‌ని వెనక్కి పిలిచాను.
ఈసీజీ, ట్రోపోనిన్:
జీవరసాయనం దాని వంతు అది చేసింది.
కేసు షీటు అంచున
పడవ పేరు రాసుకున్నాను.
మేరీ ఎలైజా. ఆకుపచ్చ.