ముల్లు

రెండే తలుపులు. నేలకు జానెడు ఎత్తు.
జడ్చర్ల మిల్లు సేటు కొడుకు మోజు తీరి అమ్మితే కొన్న.
నాది లారీ కాటాల పని.
మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి మక్తల్ జిన్నింగుల దాకా
ముల్లు తప్పిన చోటల్లా పోయి సరిచేయాలె.
(ముల్లంటే ఇప్పుడు ఎర్ర అంకెలే. అయినా ముల్లనే అంటం.)
ఇరవై కిలోల తూకం బాట్లు డిక్కీల మూడే పడతయి,
మిగతావి డీసీఎంల ఎనక వస్తయి, గంట ఆలస్యంగ.

"ఇదేం పిచ్చి కాటా మేడం," అన్నడు హాలియ గుమస్తా,
"ఈ పైసలకు నాలుగు తలుపులది వస్తుండె,
గుంతలు తెల్వనిది."
అతనికేం చెప్పాలె.
పదకొండేండ్లు ఆ డీసీఎం నడిమి సీట్ల
గేరు రాడ్ మోకాలికి తాకుకుంట కూసున్నదాన్ని.

దేవరకొండ దాటి డిండి కట్ట కనపడేదాక
పొద్దు పొడవక ముందు రోడ్డు ఖాళీగుంటది.
పందొమ్మిది నిమిషాలు.
మూడో గేర్ల ఇంజను గొంతు మారుతది,
సీతాఫలం చెట్లు రెండు దిక్కులా వెనక్కి పడిపోతయి,
నా వీపుకు రోడ్డు ఒక్కో రాయీ లెక్కపెట్టి చెప్తది.
ఎనిమిది గంటలకు కంపెనీ జీతమిస్తది.
ఈ పందొమ్మిదికి నాకు నేనే ఇచ్చుకుంట.

మిగతా దారంతా దండగే, ఒప్పుకుంట.
కనగల్ స్పీడ్ బ్రేకరు మీదికి ఏటవాలుగ, ఒక్కో చక్రం,
బాలింతను నడిపించినట్టు ఎక్కియ్యాలె.
వడ్లు ఆరబోసిన్నాడు సగం తారు నాది కాదు.
ఎనక టైర్లు ఇరవై రెండు వేలకే బోడిగుండైనయి.

ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు.
బండి పుస్తకం రాసినోడు ఈ మాట అనుకోలే,
ఆదివారం తిరిగేటోళ్లకు రాసిండు:
పదిహేను వేలకోసారి నూనె.
హైదరాబాదు షోరూంల అద్దాల గది, కాఫీ.
బండిని ఎవరు ముట్టుకున్నరో చూడనియ్యరు.
బిల్లు మీద ముద్ర, పుస్తకంల ముద్ర.
ముద్ర లేకుంటే అమ్మేటప్పుడు ధర రాదంటరు.
బ్రేకు ప్యాడ్లకే ఒక నెల జీతం పోయింది.

నల్లగొండల లతీఫు షెడ్డుకు గోడలే లేవు.
డిప్‌స్టిక్ గుంజి ఒక్క చుక్క పాత పేపరు మీద విడిచిండు.
కరెంటు కోతల వార్త మీద నలుపు పాకింది,
అంచుకు పసుపు వలయం.
చాయ్ అయిపోయేదాక దాన్నే చూసిండు.
"ఏడు వేలకే మార్చు బిడ్డా. పుస్తకానికి మన దుమ్ము తెల్వదు.
బ్రేకులు మాత్రం వాళ్లతోనే చేపియ్యి.
అసలు సామాన్ నాకు దొరకది, దొంగది నేనెయ్య."
చేతగాంది చేతగాదన్నోడు
నాకు సరైన కాటా లెక్క కనపడ్డడు.

గా తీరుగనే నడుస్తున్నం.
నూనె ఇక్కడ, బ్రేకులు అక్కడ.
లతీఫు లెక్క ఉర్దూ అంకెలల్ల, జేబు డైరీల.
దాని మీద ముద్ర అంటే ఆయన బొటనవేలి మసి.

మొన్న మీటరు లక్ష దాటింది.
షెడ్డుల చాయ్ తాగుకుంట ఒక బ్రోకరు నవ్విండు:
"ఎనక్కి తిప్పుదాం మేడం, నలభైకి.
రెండు వేల పని. రెండు లక్షలు ఎక్కువొస్తయి."
లతీఫు పానా పట్టుకొని నా దిక్కు చూసిండు.

అంతకు ముందురోజే దామరచర్లల
ప్లేటు కింద రాయి దూర్చి
బస్తాకు కిలోన్నర మింగుతున్న కాటాను పట్టిన.
వరుసల నిలబడ్డ ముత్యాలమ్మ అనే ఆమె
ఆ ఎర్ర అంకెల దిక్కు రెప్ప కొట్టక చూస్తుండె.
రాయి తీసినంక కూడ నమ్మలే.
ఇంకోసారి తూకమెయ్యమన్నది.

సంచిల వంకరపోయిన సీసం బిళ్ల ఒకటుండె,
లెక్కకు రానిది.
తీగ దూర్చి, కటింగ్ ప్లేరుతోటి నొక్కి
మీటరు ఎనక మరకు కట్టేసిన.
బ్రోకరు చాయ్ పైసలియ్యకుంటనే లేచిపోయిండు.

క్లచ్ ఇంక పదివేలు కూడ రాదన్నడు లతీఫు.
ఎక్కడ మార్పియ్యాలో ఇద్దరం తేల్చలే.
రేపు నారాయణపేట. పొద్దున నాలుగున్నరకు.