మూడో చుక్క

అల్వాల్ దాటినంక, రైలుపట్టాలకు అవతల,
అప్పట్లో సీతాఫలం పొదలూ నక్కలేనట.
ఆ గుట్ట మీదికి ఒక జర్మనీ దొర
ఎడ్లబండిలో పెండ్లాన్నీ, ఒక కుట్టుమిషన్నూ,
తడిగోనెలో చుట్టిన ద్రాక్షతీగల్నీ తెచ్చాడు.
పేరు క్ర్యూగర్.
మావాళ్ల నోటికి కురుగయ్య.

ఇల్లు కట్టింది మా తాత, పల్లపు ఈదయ్య.
రాయికి నరం ఉంటదనేవాడు.
అది దొరికేదాకా సుత్తె ఎత్తకపోయేది,
మంత్రసాని లెక్క చెవి ఆనించి వినేవాడు.
పొద్దంతా మంట పెట్టి, మాపటికి నీళ్లు కొడితే
గుట్ట ఒక్క దగ్గు దగ్గి
నిలువునా చీలేది.
సున్నంలోకి బెల్లం, కరక్కాయ నీళ్లు.
గానుగ తోలింది మా నాయనమ్మ, ఏడో నెల కడుపుతో.
కూలి ఎంతిచ్చారో ఆమెకు గుర్తులేదు,
బెల్లానికి పట్టిన చీమల్ని మాత్రం
చచ్చేదాకా చెప్పింది.

దర్వాజా పైరాతి మీద చెక్కమని
దొర కాగితం మీద పేరు రాసిచ్చాడు.
తాతకు ఏ భాషలోనూ అక్షరం రాదు.
గీత ఎట్లుంటే ఉలి అట్ల పోయింది.
ఒకదాని నెత్తిన రెండు చుక్కలున్నాయి.
"కండ్లు పెట్టిండు, బొట్టు మరిచిండు" అనుకొని
ఆ రెంటి నడుమ, కొద్దిగా పైన,
మూడోది తానే పొడిచాడు.
దొర మొఖం కందగడ్డయింది.
ఫ్రీడా దొరసాని పడీపడీ నవ్వి
ఉండనీ అన్నదట, మాట రాక, చేత్తో.

రెండో లడాయి మొదలైన ఏడు
బొల్లారం నుంచి పోలీసు మోటారు వచ్చి
దొరను ఎక్కించుకపోయింది.
తీగలు అప్పుడే కాపుకొచ్చాయి.
మూడేండ్లు దొరసాని ఒక్కతే కత్తిరించింది.
నాలుగో ఏడు ఆమె లేదు.
బొంబాయిల ఓడెక్కిందని కొందరు, బావి అని కొందరు.
నాయనమ్మ దేనికీ తల ఊపేది కాదు.
కుట్టుమిషన్ మా గుడిసెలో ఉండేది.
ఎట్లొచ్చిందని అడిగితే
"ముందు కాలాడించుడు నేర్సుకో" అనేది.
నేర్చుకున్న. నలభై ఏండ్లు దాని మీదే తిన్న.

ఆ ఇంట్లో తర్వాత కోళ్లు పెంచారు,
తర్వాత ప్లైవుడ్ దాచారు.
ఇప్పుడది ఫంక్షన్ హాలు.
గేటు దగ్గర బోర్డు: నవాబుగారి వేటబంగళా.
ఏ నవాబో రాయలేదు.

మొన్న మేనల్లుడి రిసెప్షన్‌కు పోయిన.
దర్వాజా నిండా ప్లాస్టిక్ చామంతులు.
కుర్చీ ఈడ్చి, ఎక్కి, దండ పక్కకు జరిపిన.
చుక్కలున్నాయి. రెంటిలో సున్నం పూడింది.
మూడోది లోతు.
నా చూపుడువేలి కొన సరిగ్గా పట్టింది,
చల్లగా, లోపల కొంచెం గరుకుగా.

"ఆంటీ, జర జరగండి,
ఫ్రేములో పడుతున్నరు" అన్నాడు ఫొటో పిల్లగాడు.

నేను జరగలేదు.