విభక్తులు

తారాపేట వైపు స్టేషన్ గోడకి ఆనుకుని
నా ఎస్టీడీ బూత్ ఉండేది, పసుపు పెట్టె.
కుంటికాలి సర్టిఫికెట్ మీద ఇచ్చారు.
రాత్రి పదకొండు దాటితే పావు రేటు.
అప్పుడు వచ్చేది మస్తాన్‌బీ,
వస్త్రలతలో కాజాలు కుట్టి కుట్టి
వేలికొసలు గరుకెక్కిన మనిషి.
పుట్టుచెవుడు. మాటా లేదు.

ఈవిడకి ఫోనెందుకని మొదటిరోజు నవ్వాను.
ఆమె నవ్వలేదు. చీటీ ఇచ్చింది.
నంద్యాల నంబరు, కింద నాలుగు మాటలు:
"చెల్లి. జ్వరం తగ్గు? నేను బెంగ."

అవతల హుస్సేన్‌బీ. ఆమెకీ వినపడదు.
ఆమెకి అక్కడ ఓబులేసని ఇంకో బూతాయన.
నేను చీటీ చదివితే ఆయన కాగితం మీద పెట్టేవాడు,
ఆయన చదివితే నేను రాసేవాణ్ణి.
మీసాలున్న మగాళ్ళం ఇద్దరం
"అక్కా" "చెల్లీ" అనుకునేవాళ్ళం,
వెనక నిలబడ్డవాళ్ళు వినకుండా గొంతు తగ్గించి.

ఆమె చీటీల్లో విభక్తులుండేవి కావు.
కి, ని, తో, వల్ల...
అన్నీ నేనే అతికేవాణ్ణి, చొక్కాకి గుండీల్లా.
ఆమె రాస్తున్నంతసేపూ
మీటర్లో ఎర్ర అంకెలు పరుగెత్తేవి.
నేనూ ఓబులేసూ ఒకరి ఊపిరి ఒకరం వింటూ,
"మీకు వానలెట్లా?"
"యాడ వానలు సామీ."
ఆ డబ్బులు ఆమెవే.

ఓసారి చీటీ ఇలా వచ్చింది:
"అమ్మ గాజులు నువ్వు ఒక్కతే. నేను కోపం. చచ్చేదాకా."
పెన్ను నొక్కిన చోట కాగితం చిరిగింది.
నేను చదివాను:
"అక్క నిన్ను తలుచుకుంటోంది. ఒంట్లో బాగుందా అంటోంది."
ఎందుకలా అన్నానో.
పావు రేటుకి అంత పెద్ద మాట పంపబుద్ధి కాలేదు.

జవాబొచ్చింది: "నేను బాగున్నాను. సేమ్యా పంపుతా."
అది చదివి మస్తాన్‌బీ
చీటీని నాలుగు మడతలు పెట్టింది.
మళ్ళీ రాలేదు.

సెల్లులొచ్చాయి. అవీ చెవికే.
బూత్ అద్దాలు తూకానికి పోయాయి.
అదే గోడ దగ్గర ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు పరుచుకున్నాను.

స్టేషన్లో ఉచిత వైఫై పెట్టిన ఏడాది
ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద
కుర్రాళ్ళు గోడ పొడుగునా కూచుని సినిమాలు దింపుకుంటుంటే,
నీళ్ళకుళాయి పక్కన స్తంభానికి ఫోను ఆనించి
రెండు చేతులూ ఖాళీ చేసుకుని నిలబడింది.
జుట్టు నెరిసింది. ఆమే.
తెరలో ఇంకో ఆడమనిషి. అదే ముక్కు.
చేతులు మొదలయ్యాయి.

తొమ్మిదేళ్ళు ఆమె గొంతునై మాట్లాడినవాణ్ణి,
ఒక్క ముక్క అర్థం కాలేదు.
ఆ వేళ్ళకి విభక్తులున్నాయి. సామెతలున్నాయి.
వెటకారం కూడా ఉంది, కనుబొమ్మ దగ్గర.

అంతలో ఎడమ మణికట్టు చుట్టూ
కుడి వేళ్ళు గుండ్రంగా తిప్పింది.
గాజులు.
అదొక్కటే తెలిసింది నాకు.

నేను మింగిన పోట్లాట
పదకొండేళ్ళకి బయటికొచ్చింది.
పినాకిని కూతపెట్టినా వాళ్ళకేం అడ్డం?
అరచేతిలో అరచెయ్యి పడి ఫట్‌మంది,
ఆ చప్పుడు నాకే వినపడింది.
తెరలో మనిషి నోరు తెరిచి ఉండిపోయింది,
తర్వాత ఆవిడా అందుకుంది.
ఆవిడ లెక్కలు ఆవిడకీ ఉన్నాయి.
ఆ వైపు ఓబులేసు ఏమేం మింగాడో.

ఎప్పుడు ఆగారో చూళ్ళేదు, ఎవడో కేబుల్ బేరమాడుతున్నాడు.
తలెత్తేసరికి ఇద్దరూ కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు.

మస్తాన్‌బీ నన్ను చూసింది.
దగ్గరికొచ్చి చొక్కా చెయ్యి పట్టి లాక్కెళ్ళి
తెర ముందు నిలబెట్టింది.
నన్ను చూపిస్తూ చెల్లెలికి ఒక సైగ:
పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి, గబగబా.
కుంటికాలు చూపిస్తుందనుకున్నాను.
కాదు. మీటరు మీది ఎర్రదీపం.
ఇన్నేళ్ళూ వాళ్ళ చేతుల్లో నాకో పేరుంది.

హుస్సేన్‌బీ నాకేసి చెయ్యెత్తి ఏదో అనబోయింది.
ముప్పై నిమిషాలూ అయిపోయాయి.
బొమ్మ ఆగిపోయింది,
చెయ్యి సగం మాటలో.