పేక లేని గుడ్డ

డబ్బా వచ్చిన నాడు గట్టుప్పల్ల కరెంటు లేదు.
లైన్‌మెన్‌కు ఎల్‌సీ ఇచ్చింది నేనే,
సబ్‌స్టేషన్ల డ్యూటీ మీదున్న.
ఇంటికాడ సెల్లు వెలుతుర్ల విప్పిన్రట.
"టీవీ అనుకున్నం, బొక్కలున్నయి" అని ఫోను.

పేరు లేదు దానికి.
నల్లటి ఒంటి మీద ఒక నెంబరు, అంతే.
పేరున్నదైతే నా మూడు నెలల జీతం,
ఇది రెండు దసరాల బోనస్సు.
నర్సింగం దుకాణంల కాంటా మీద పెట్టిన:
కిలో మీద తొంభై గ్రాములు.
"కందిపప్పంత బరువు లేదు,
మనిషి కూసుంటడా దీని మీద?"

చిన్నాయన మార్కండేయులు
గుంట మగ్గంల కాళ్లు తియ్యకుండనే
చట్రాన్ని ఒళ్లె పండవెట్టుకున్నడు.
గోటితోని గీరిండు.
రూపాయి బిళ్లతోని గొట్టం పొడుగూత కొట్టుకుంట చెవి పెట్టిండు,
యాడన్న బొంగురు వోతే లోపట పగులున్నట్టు
(నేను చెప్పిన మాటే, ఆయన నమ్మిండు).

"నేతే ఇది. వాలు నేత. రెండు మీద, రెండు కింద.
గంజి మంచిగ పట్టిచ్చిన్రు."
గంజి కాదు చిన్నాయనా, రెజిన్.
"మా గంజి ఎండినా గిట్లనే మెరుస్తది."

తర్వాత సీటు గొట్టం నోట్లెకు బ్యాటరీ కొట్టి చూసిండు
చానా సేపు.
"పైన ఒక్క పొరే నేత.
లోపటియన్నీ ఒకే దిక్కు పండుకున్న పోగులు.
పడుగే ఉన్నది, పేక లేదు.
పేక లేని గుడ్డ గుడ్డెట్లయితదిరా?"
జిగురే పేక, అన్న.
అన్నంక నాకే మంచిగనిపియ్యలే.

ముందటి ఫోర్కు హైదరబాదుల ఒకాయనది, పాతది.
వంద మిల్లీమీటర్లు కుంగుతది.
ఆయన మోకాళ్లు కుంగినంక అమ్మిండు.
బేరింగు కప్పులు నొక్కే పనిముట్టుకు పైసల్లేవు;
బోరు మోటర్ల షాపుల గజం మర కడ్డీ,
రెండు నట్లు, నాలుగు వాషర్లు,
ఊపిరి బిగవట్టి
కొంచెం కొంచెం తిప్పుకుంట కూసవెట్టిన.
ఐదు న్యూటన్లంటే ఐదే.
ఇనుమైతే చాలు అని చేతికి చెప్తది.
ఇది చెప్పదు, పగులుతది.

గేరు కేబులు కాడ పని ఆగింది.
మెడ కాడ దూరి వెనక చక్రం కాడ తేలాలె.
మూడు రాత్రులు తేలలే.
అయస్కాంతం పెట్టిన,
చట్రాన్ని తలకిందులు చేసి దులిపిన,
లోపట యాడనో తాకి
తీగె మళ్ల నా చేతులకే.

నాలుగో నాడు ఆండాలు చిన్నమ్మ
అచ్చులతుకుడు పని నడుమ లేసొచ్చింది.
రెండు వేల పోగులు చూడకుండ అతికే వేళ్లు.
"తీగె మొండిది, నీ మాటినది. నూలైతే ఇంటది."
పోగు కొసకు ఇంత దూది చుట్టి
మెడ కాడ జారవిడిసింది.
ఉన్న బొందలన్నీ మాతోని మూపిచ్చింది:
చిన్నాయన అరచెయ్యి సీటు గొట్టం మీద,
నా బొటనేళ్లు రెండు రెండు కాడ.
వెనక బొందకు నోరు పెట్టి ఒక్కటే పీల్పు,
ఎనకట నాడె కంట్ల పోగు పీల్చినట్టు.

దూది తుపుక్కున ఊంచి
"చేదున్నది నీ సైకిలు" అన్నది.
పోగుకు తీగె కట్టి గుంజిన. వచ్చింది.
చూపిద్దామని తిరిగే సరికి
ఆమె పన్నె ముందల వంగి కూసున్నది.

ఆయితారం పొద్దుగాల నారాయణపురం దాటి
రాచకొండ గుట్టలెక్కిన.
పలుగు రాళ్లు, పరికి కంప,
సీతాఫలం చెట్ల నడుమ మేకల బాట.
నిటారు ఎక్కుడుల కూడ
వెనక చక్రం మట్టిని పట్టుకోనే ఉన్నది.
నా లోపట పోగులన్నీ ఒకే దిక్కు పండుకున్నట్టు
కొద్ది సేపు.

అప్పుడు టిక్కు.
కుడికాలు తొక్కినప్పుడే టిక్కు.

ఇంటికొచ్చి పెడళ్ల కాడ విప్పిన,
గ్రీసు పెట్టిన, బిగిచ్చిన.
టిక్కు.
చిన్నాయన మగ్గం ఆపి విన్నడు.
"సీటు కాడ చూడు.
చప్పుడు పుట్టిన కాడ వినవడదు."

చూడాలె.
ఇయ్యాల నైట్ డ్యూటీ.